ఒంటికుర్చీ కొండ

మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ కంటే పొట్టి కొండ అది. మన కొండ సముద్రమట్టానికి 1,200 మీటర్లకు పైగా ఎత్తున ఉంటే, అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో జనరల్ స్టార్క్ కొండ మీద స్కీ లిఫ్ట్ మనిషిని దింపే చోటు 1,109 మీటర్లే. కొండ అడుగు నుంచి అక్కడికి 621 మీటర్లు. అలిపిరి దగ్గర మొదలుపెట్టి తిరుమల చేరేసరికి మనం ఎక్కే ఎత్తు కూడా కాస్త అటూ ఇటుగా అంతే. ఆ ఎత్తు ఎంతో నడిచి ఎక్కిన వాళ్ల కాళ్లకు తెలుసు. మోకాళ్ల పర్వతం దగ్గర మరీ బాగా తెలుస్తుంది. ఇక్కడ మాత్రం ఎక్కడానికి కుర్చీ ఉంది, కాళ్ల సత్తువ అంతా దిగడానికే కావాలి.

ఆ కొండ మీది స్కీ స్థలం పేరు మ్యాడ్ రివర్ గ్లెన్. అర్థం చెప్పుకుంటే వెర్రి ఏటి లోయ. ఏరు నిజంగానే ఉంది, కొండకు తూర్పున ఉత్తర దిక్కుగా పారుతుంది. అమెరికాలో స్కీ వ్యాపారం ఇప్పుడు చాలావరకు పెద్ద కంపెనీల చేతుల్లోకి పోయింది. ఒక్క పాసు కొంటే డజన్ల కొద్దీ కొండలు తిరిగి రావచ్చు. ఈ కొండకు మాత్రం యజమాని ఒక సహకార సంఘం. సభ్యులు ఇక్కడ స్కీ చేసేవాళ్లే. శిఖరానికి తీసుకెళ్లే లిఫ్ట్‌లో కుర్చీకి ఒక్కరే కూర్చుంటారు. మంచు తయారుచేసే యంత్రాలు కింది భాగంలో కొద్దిచోట్లే ఉన్నాయి. వాలును చదును చేసే బండి చాలా బాటల మీదికి పోనే పోదు. కార్ల వెనక అంటించుకునే వీళ్ల స్టిక్కర్ మీద ఉండేది ఒక్కటే మాట: చేతనైతే దిగి చూడు.

ఇదంతా పాతకాలపు మొండితనం అనిపించవచ్చు. కొంత అదీ ఉంది. కానీ కొండ మంచును ఎలా పడుతుందో, ఎలా దాచుకుంటుందో, ఎలా పోగొట్టుకుంటుందో చూస్తూ పోతే ఆ మొండితనంలో సగం సైన్సే. మన పల్లెల్లో చెరువు నడిచినట్టు నడుస్తుంది ఈ కొండ. ఆ ఏడు కురిసిందే పెట్టుబడి. వాగులు పూడిపోకూడదు, కట్ట తెగకూడదు, తూము ఎంత తెరవాలో ఆయకట్టు రైతులు కూర్చుని తేల్చుకోవాలి. ఇక్కడ నీళ్ల బదులు మంచు.

ఆ మాటతోనే ఒక చిక్కు. తెల్లారి గడ్డి మీద మెరిసేదీ మంచే, లంబసింగి రోడ్డు మీద ఎదుటి బండి కనబడకుండా చేసేదీ మంచే, హిమాలయాల మీద ఉండేదీ మంచే. అవసరం పడనిదే మాటలు పుట్టవు, తప్పులేదు. స్కీ చేసేవాడికి మాత్రం ఇదొక్కటి చాలదు. నిన్న రాత్రి కురిసిన దూది, గాలి కొట్టి గట్టిపడిన పలక, వాన తడిసి మళ్లీ గడ్డకట్టిన గాజు, వసంతంలో మొక్కజొన్న గింజల్లా తయారైన రవ్వ, వీటిలో దేని మీద నిలబడ్డాడో అరికాలికి తెలియాలి. ఈ వ్యాసంలో మంచు అంటే ఆకాశం నుంచి రేకులుగా రాలేది అనుకుందాం.

కొండ మంచును పట్టే తీరు

వెర్మాంట్ నడిమధ్య గ్రీన్ మౌంటెన్స్ వరస ఉత్తర దక్షిణాలుగా గోడ కట్టినట్టు ఉంటుంది. శీతాకాలపు గాలులు ఎక్కువగా పడమటి నుంచి వస్తాయి. ఆ వైపు షాంప్లేన్ సరస్సు ఉంది. దాని నీటిమట్టం సముద్రానికి దాదాపు 30 మీటర్ల ఎత్తే. సరస్సు మీదుగా, చదునైన లోయ మీదుగా వచ్చిన గాలికి ఒక్కసారిగా వెయ్యి మీటర్ల గోడ అడ్డం వస్తుంది. పైకి లేవక తప్పదు. పైకి పోయిన గాలి వ్యాకోచించి చల్లబడుతుంది. చల్లబడితే తన దగ్గరున్న తేమను మోయలేదు, దించేస్తుంది. పడమటి కనుమల్లో జరిగేదీ ఇదే. అరేబియా సముద్రపు గాలి అక్కడే కురిసేసి, వెనకున్న అనంతపురానికి ఎండు గాలిని పంపడం మనం తరతరాలుగా చూస్తున్నాం.

అయితే ఇక్కడొక తిరకాసు ఉంది. మ్యాడ్ రివర్ గ్లెన్ ఉన్నది కొండల వరసకు తూర్పున, అంటే అనంతపురం వైపు. మరి ఎండిపోవాలి కదా? వాన చినుకు అయితే అంతే జరిగేది. పెద్ద చినుకు సెకనుకు ఏడెనిమిది మీటర్ల వేగంతో పడుతుంది, పుట్టిన చోటికి దగ్గర్లోనే నేల తాకుతుంది. మంచు రేకు సెకనుకు ఒక మీటరు చొప్పున తేలుతూ దిగుతుంది. అర కిలోమీటరు ఎత్తు నుంచి నేలకు రావడానికి దానికి ఎనిమిది నిమిషాలకు పైగా పడుతుంది. ఆలోగా గాలి సెకనుకు 10 మీటర్లు వీస్తుంటే అది అయిదు కిలోమీటర్లు కొట్టుకుపోతుంది. అలా పడమటి వాలు మీద పుట్టిన మంచు శిఖరం దాటి తూర్పు వాలులో పడుతుంది. శిఖరం దాటగానే గాలి వేగం తగ్గుతుంది కనుక మోసుకొచ్చిన మూటను అక్కడే వదిలేస్తుంది. పైగా తూర్పు, ఈశాన్య దిక్కులకు తిరిగిన వాలు మీద మధ్యాహ్నపు ఎండ పడదు. పడిన మంచు పదికాలాలు నిలుస్తుంది. అట్లాంటిక్ వైపు నుంచి ఈశాన్య గాలితో పెద్ద తుపాను వచ్చినప్పుడు ఈ వాలు ఎలాగూ ఎదురు వాలే. రెండు వైపులా దీనిదే లాభం.

ఎత్తు లెక్క ఒకటి ఉంది. వాతావరణంలో వెయ్యి మీటర్లు పైకి పోతే సగటున ఆరున్నర డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. ఈ కొండకు అడుగుకూ పైకీ 621 మీటర్ల తేడా అంటే నాలుగు డిగ్రీలు. కింద కారు ఆపే చోట రెండు డిగ్రీలుండి వాన పడుతుంటే, పైన సున్నాకు రెండు డిగ్రీలు కింద మంచు కురుస్తుంటుంది. టికెట్ కొనేవాడు తడుస్తాడు, పైకి చేరినవాడు తెల్లబడతాడు. వెర్మాంట్ ఉన్న న్యూ ఇంగ్లండ్ ప్రాంతపు శీతాకాలం మొత్తం ఈ గీత చుట్టూనే తిరుగుతుంది. వాన ఎక్కడ ఆగి మంచు ఎక్కడ మొదలవుతుందనేది గంటగంటకూ వాలు మీద పైకీ కిందికీ జరుగుతుంటుంది.

కురిసే మంచు ఎలాంటిదన్నదీ ముఖ్యమే. ఆ సంగతిలో ఈ కొండల పడమటి పక్కనున్న జెరికో అనే ఊరి రైతుకు ప్రపంచం రుణపడి ఉంది. పేరు విల్సన్ బెంట్లీ. మైక్రోస్కోపుకు కెమెరా బిగించి, 1885 జనవరి 15న ఒక్క మంచు స్ఫటికాన్ని విడిగా ఫొటో తీశాడు. అప్పటికి అతని వయసు 20 ఏళ్లు నిండలేదు. కొట్టంలో ఊపిరి బిగబట్టి, నల్లటి పలక మీద పడ్డ రేకును ఈకతో జరుపుతూ, అది కరిగేలోపు పని ముగించేవాడు. బతికినంతకాలం తీస్తూనే ఉన్నాడు. 5,000కు పైగా స్ఫటికాల బొమ్మలు పోగయ్యాయి. వాటిలో సగం దాకా అచ్చయిన పుస్తకం 1931లో వెలువడింది, ఆ ఏడు డిసెంబరులోనే ఆయన న్యుమోనియాతో పోయాడు.

బెంట్లీ ఆకారాలు చూపించాడు. వాటికి కారణం చెప్పినవాడు జపాన్ భౌతిక శాస్త్రవేత్త ఉకిచిరో నకాయా. 1936లో ప్రయోగశాలలో కుందేలు వెంట్రుక కొస మీద మంచు స్ఫటికాన్ని పెంచి, మేఘంలో చలి ఎంతుందో, తేమ ఎంతుందో దాన్నిబట్టే రూపం మారుతుందని నిరూపించాడు. సున్నాకు అయిదు డిగ్రీలు కింద సూదులు వస్తాయి. పదిహేను డిగ్రీలు కింద, తేమ బాగా ఉంటే, మనం బొమ్మల్లో చూసే ఆరు కొమ్మల నక్షత్రాలు వస్తాయి. సూదులు దగ్గరగా సర్దుకుని బరువెక్కుతాయి. నక్షత్రాల కొమ్మలు ఒకదానికొకటి అడ్డం పడి మధ్యలో గాలి నిలుపుతాయి. అందుకే అలాంటి కొత్త మంచులో పది పాళ్లకు తొమ్మిది పాళ్లకు పైగా గాలే ఉంటుంది. మోకాలి లోతు దిగబడినా బరువు తెలియదు. స్కీ చేసేవాళ్లు కలలుగనేది దీని గురించే.

బండలు, చెట్లు

ఈ కొండల రాయి పలకలు పలకలుగా విడిపోయే శిల. దాదాపు 47 కోట్ల ఏళ్ల కిందట, సముద్రపు అడుగు బురద ఖండాల ఢీలో నలిగి, వేడికి ఉడికి ఇలా తయారైంది. తర్వాత చాలా కాలానికి, మొన్నమొన్న అనదగ్గ మంచుయుగంలో, కిలోమీటరుకు మించిన మందాన మంచుపలక వెర్మాంట్‌ను కప్పేసింది. సుమారు 13,000 ఏళ్ల కిందటిదాకా అది పూర్తిగా పోలేదు. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి కదిలిన ఆ మంచు, ఎదురొచ్చిన వైపు రాయిని ఇసుకకాగితంలా నున్నగా రుద్దింది. దిగిపోయే వైపు పగుళ్లలో గడ్డకట్టి రాళ్లను పీకి పట్టుకుపోయింది. స్టార్క్ కొండకు ఉత్తరాన కొద్ది దూరంలో ఉన్న క్యామెల్స్ హంప్ శిఖరానికి దక్షిణం వైపు కత్తితో కోసినట్టు ఉండడానికి ఇదే కారణం.

ఫలితంగా ఈ వాలు నున్నటి పలక కాదు. మెట్లు, బండలు, ఊటలు, గడ్డకట్టిన సెలయేళ్లు. ప్యారడైజ్ అనే బాట మొదట్లోనే గడ్డకట్టిన చిన్న జలపాతం ఎదురవుతుంది, దాన్ని దూకి దిగాలి. స్వర్గం అని పేరెందుకు పెట్టారో దూకినవాళ్లే చెప్పాలి. మిగతా చోట్ల ఇలాంటి అడ్డు వస్తే డైనమైట్ పెట్టి, బుల్‌డోజర్‌తో దున్ని, హైవే అంత వెడల్పున చదును చేస్తారు. ఇక్కడ అలా చేయలేదు. బాటలు సన్నగా, కొండ ఒంపును పట్టుకుని మెలికలు తిరుగుతూ పోతాయి.

సన్నటి బాట అందానికే కాదు, మంచును కాపాడటానికీ పనికొస్తుంది. వెడల్పాటి బాటలో గాలికి అడ్డు ఉండదు, పడిన మంచును ఊడ్చి అడవిలోకి తోసేస్తుంది. సన్నటి బాటకు రెండు వైపులా చెట్లు గాలిని ఆపుతాయి, నీడనిస్తాయి. తెరిపిలో ఊడ్చుకుపోయిన మంచు కూడా చెట్ల మధ్యకే వచ్చి చేరుతుంది. తుపాను పోయిన వారం తర్వాత కూడా అడవి లోపల మెత్తటి మంచు దొరకడానికి కారణం ఇదే.

చైర్‌లో పైకి పోతుంటే అడవి మారడం కంటికి తెలుస్తుంది. కింద చక్కెర పాకం ఇచ్చే మాపుల్, పసుపు బర్చ్, బీచ్ చెట్లు. బీచ్ బెరడు ఏనుగు చర్మంలా నున్నగా బూడిదరంగులో ఉంటుంది. గింజల కోసం ఎక్కిన ఎలుగుబంట్ల గోళ్ల గుర్తులు దాని మీద నల్లటి గాట్లుగా ఏళ్ల తరబడి నిలిచిపోతాయి. కాస్త పైకి పోతే కాగితంలా బెరడు ఊడే తెల్ల బర్చ్. ఆ పైన ఆకు రాల్చని చెట్లు, ఎర్ర స్ప్రూస్, బాల్సమ్ ఫర్. శిఖరం దగ్గర అవి మనిషెత్తుకు మించి పెరగవు. శీతాకాలంలో చెట్లలాగే కనిపించవు. మేఘంలోని నీటి తుంపరలు సున్నాకు పది డిగ్రీలు కిందికి పోయినా గడ్డకట్టకుండా ద్రవంగానే ఉండగలవు, పట్టుకోవడానికి ఏదో ఒక ధూళి కణం కావాలి వాటికి. గాలికి కొట్టుకొచ్చి కొమ్మను తాకిన క్షణంలో గడ్డకట్టేస్తాయి. అలా గాలి వచ్చే దిక్కుకే ఈకలు ఈకలుగా పెరిగి, ప్రతి చెట్టూ తెల్ల దుప్పటి కప్పుకుని పడమటికి తిరిగి కూర్చున్న ముసలమ్మలా తయారవుతుంది.

ఆ ఎర్ర స్ప్రూస్ కథ ఒకటి చెప్పుకోవాలి. 1960ల మధ్యలో క్యామెల్స్ హంప్ మీద వెర్మాంట్ విశ్వవిద్యాలయానికి చెందిన వృక్షశాస్త్రవేత్త హ్యూబర్ట్ వోగెల్‌మాన్, ఆయన బృందం చెట్ల లెక్క రాసుకున్నారు. 1970ల చివర మళ్లీ పోయి లెక్కపెడితే ఎర్ర స్ప్రూస్ దాదాపు సగం లేదు. కారణం ఎక్కడో మధ్య పశ్చిమ రాష్ట్రాల బొగ్గు కేంద్రాల పొగగొట్టాల్లో తేలింది. ఆమ్ల వర్షం, ఆమ్ల మేఘం ఆకుల్లోంచీ నేలలోంచీ కాల్షియాన్ని కడిగేస్తాయి. కాల్షియం తగ్గితే కణం పొర బలహీనపడి చెట్టు చలికి తట్టుకోలేదు. వెయ్యేళ్లుగా ఆ చలిలోనే బతికిన జాతి ఆ చలికే మాడిపోయింది. 1990లో గాలి కాలుష్య చట్టాన్ని బిగించాక పొగలో గంధకం తగ్గింది, స్ప్రూస్ మళ్లీ కోలుకుంటోంది. పర్యావరణ వార్తల్లో మంచి కబురు అరుదు కాబట్టి ఇంత వివరంగా రాశాను.

తూము

ఇక కుర్చీ సంగతి. ప్రపంచంలో మొదటి చైర్ లిఫ్ట్ 1936లో ఐడహో రాష్ట్రంలోని సన్ వ్యాలీలో వచ్చింది. కట్టించింది యూనియన్ పసిఫిక్ రైల్వే కంపెనీ. గీసింది ఆ కంపెనీ ఇంజనీరు జిమ్ కరన్. అంతకుముందు ఆయన ఉష్ణదేశాల్లో ఓడల్లోకి అరటిగెలలు ఎక్కించే యంత్రాలు చేశాడు. కదిలే తీగకు కొక్కేలు, కొక్కేలకు గెలలు. గెల బదులు మనిషిని వేలాడదీస్తే ఏమవుతుందని ఆలోచించాడు. స్కీ ఆట చరిత్రలో ఇంతకన్నా రుచికరమైన వాస్తవం నాకు కనబడలేదు.

మ్యాడ్ రివర్ గ్లెన్‌లో ఒంటికుర్చీ లిఫ్ట్ 1948లో మొదలైంది. స్థాపించింది రోలండ్ పామెడో అనే న్యూయార్క్ బ్యాంకరు. అంతకుముందు ఇదే రాష్ట్రంలోని స్టో దగ్గర లిఫ్ట్ కట్టించడంలో ఆయన చేయి ఉంది. అక్కడ జనం పెరిగి, హోటళ్లు పెరిగి, ఆట కంటే వ్యాపారం ముందుకొస్తోందని నచ్చక ఇక్కడికి వచ్చాడు. ఒంటికుర్చీలో పక్కన ఎవరూ ఉండరు. కుర్చీ వెనక నుంచి మోకాళ్లకు తగిలి కూలబడేలా చేస్తుంది, కడ్డీ అడ్డం పెట్టుకోవాలి, అంతే. పది నిమిషాలు నోరు మూసుకుని అడవిని చూస్తూ పోవాలి. అమెరికాలో ఇలాంటివి ఇంకా నడిచేవి రెండే మిగిలాయి. రెండోది అలాస్కాలోని కార్డోవా అనే చేపల రేవులో ఉంది. 1939లో సన్ వ్యాలీలో కట్టినదాన్నే విప్పి అక్కడికి తీసుకెళ్లారు.

2000 తర్వాత ఇక్కడి లిఫ్ట్ బాగా పాతబడింది. మార్చక తప్పదని ఇంజనీర్లు చెప్పారు. ఇద్దరు కూర్చునే కుర్చీలు పెడదామా, ఒంటికుర్చీనే బాగుచేసుకుందామా అని సంఘంలో చర్చ సాగింది. ఒంటికుర్చీయే గెలిచింది. 2007లో స్తంభాలను ఊడదీసి, బాగుచేసి, హెలికాప్టర్‌తో మళ్లీ నిలబెట్టారు. ఖర్చు 15 లక్షల డాలర్లు దాటింది. బయటివాళ్లకు ఇది పిచ్చిగా కనిపించింది. లెక్క చూడండి.

ఒంటికుర్చీ గంటకు సుమారు 500 మందిని పైకి చేరుస్తుంది. నలుగురు కూర్చునే కొత్త తరం వేగవంతమైన లిఫ్ట్ గంటకు 2,400 మందిని చేర్చగలదు. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఏడు గంటలు నడిస్తే మొదటిదాని మీద 3,500 సార్లు, రెండోదాని మీద 16,800 సార్లు ఎవరో ఒకరు శిఖరం నుంచి దిగుతారు. దిగే ప్రతివాడూ మలుపు మలుపుకూ స్కీ అంచుతో కొంత మంచును గీకి పక్కకు తోస్తాడు. కింద బండ, పైన రెండు మూడు అడుగుల సహజమైన మంచు ఉన్నచోట అయిదు రెట్లు గీకుడు పడితే వారం తిరక్కుండా రాళ్లు తేలతాయి. తేలకుండా ఉండాలంటే యంత్రాలతో మంచు చేసి పోస్తూ ఉండాలి. ఒక ఎకరం మీద అడుగు మందాన పోయాలంటే దాదాపు 6 లక్షల లీటర్ల నీళ్లు, ఆ నీటిని చిమ్మడానికి పంపులు, కంప్రెసర్లు కావాలి. ఆ ఖర్చు రాబట్టాలంటే మరింతమంది జనం కావాలి. జనం వస్తే మరింత మంచు కావాలి. చిన్న కొండ ఈ సుడిలో పడితే బయటపడలేదు. న్యూ ఇంగ్లండ్‌లో మూతపడ్డ చిన్న స్కీ కొండలు వందల్లో ఉన్నాయి. వరసలో అరగంట నిలబడి విసుక్కునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: ఆ వరసే కొండ మీది మంచును కాపాడుతోంది. తూము చిన్నది కాబట్టే చెరువు నిలిచింది.

మంచు మీద జారడం, మిట్టలు పైకెక్కడం

స్కీ ఎందుకు జారుతుంది? బరువుకు కింద మంచు కరుగుతుందని చాలాకాలం పుస్తకాల్లో రాశారు. లెక్క కుదరదు. డెబ్బై కిలోల మనిషి బరువు రెండు స్కీల మీద పరుచుకుంటే పడే ఒత్తిడి, మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిలో నలభయ్యో వంతు. దానికి మంచు కరిగే స్థానం డిగ్రీలో వెయ్యో వంతు కూడా మారదు. 1939లో కేంబ్రిడ్జ్‌కు చెందిన బౌడెన్, హ్యూస్ స్విట్జర్లాండ్‌లోని యుంగ్‌ఫ్రౌయోహ్ మంచుగుహలో ప్రయోగాలు చేసి, అసలు పని రాపిడి వేడిదని తేల్చారు. చలిలో అరచేతులు రుద్దుకుంటే వెచ్చబడినట్టే. ఆ వేడికి స్కీ కింద కంటికి కనబడనంత పలచని నీటి పొర ఏర్పడుతుంది, దాని మీద జారతాం. చలి మరీ ముదిరి పాతిక డిగ్రీలు కిందికి పోతే ఆ పొర సరిగా రాదు, ఇసుక మీద ఈడ్చినట్టు ఉంటుంది.

చదును చేయని వాలు మీద కొద్ది రోజులకే మిట్టలు మొలుస్తాయి. వీటిని మొగల్స్ అంటారు. మొగలాయిలతో చుట్టరికం ఏమీ లేదు, చిన్న తిప్పకు ఆస్ట్రియా వైపు మాండలికంలో ఉన్న పేరది. ఎవరూ కట్టరు. మొదటివాడు మలుపు తిరిగిన చోట కాస్త మంచు పోగవుతుంది, రెండోవాడు దాన్ని తప్పించుకుని దాని పక్కనే తిరుగుతాడు, మూడోవాడు ఆ గాడిలోనే పోతాడు. వందమంది పోయేసరికి వాలంతా బోర్లించిన కుండలు పేర్చినట్టు తయారవుతుంది. మ్యాడ్ రివర్ గ్లెన్ బాటలకు పేరు తెచ్చినవి ఇవే.

వీటిలో ఒక వింత ఉంది. కొలరాడోలో ముగ్గురు పరిశోధకులు ఒక శీతాకాలమంతా ఇలాంటి వాలును ఫొటోలు తీస్తూ కూర్చున్నారు. ఆ మిట్టలు కదులుతున్నాయి, అదీ పైకి. రోజుకు 8 సెంటీమీటర్ల చొప్పున సీజన్ ముగిసేసరికి 10 మీటర్ల దాకా కొండెక్కాయి. మంచు ఎక్కదు, ఆకారం ఎక్కుతుంది. దిగేవాడు వేగం తగ్గించుకోవడానికి ప్రతి మిట్టకూ దిగువ ముఖాన గీకుతాడు. ఆ మంచు జారి కిందనున్న మిట్టకు ఎగువ ముఖాన చేరుతుంది. ప్రతి మిట్టా కింద తరిగి పైన పెరుగుతుంది. ఇసుక తిన్నె గాలివాటున జరుగుతుందని తెలుసు కానీ, మనుషులందరూ కిందికి పోతుంటే మనుషులు చేసిన మిట్టలు పైకి పోవడం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది.

ఈ కొండ మీద స్నోబోర్డులకు ప్రవేశం లేదు. అమెరికాలో ఇలాంటివి మూడే, మిగతా రెండూ యూటా రాష్ట్రంలోని ఆల్టా, డీర్ వ్యాలీ. స్నోబోర్డు మంచును ఎక్కువ గీకుతుందన్న వాదన తరచు వినిపిస్తుంది. నా మటుకు నాకు అది భౌతిక శాస్త్రం కంటే ఇష్టాయిష్టాల వ్యవహారంలా కనిపిస్తుంది. అడ్డదిడ్డంగా దిగే స్కీయర్ కూడా అంతే గీకుతాడు. సంఘం సభ్యుల కొండ, సభ్యుల నిబంధన. అంతకుమించి శాస్త్రీయమైన ముసుగు దానికి అవసరం లేదు.

ఆయకట్టు రైతులు

1970ల నుంచి ఈ కొండను నడిపిన కుటుంబంలో భర్త పోయాక బెట్సీ ప్రాట్ ఒంటి చేత్తో నెట్టుకొచ్చారు. పెద్ద కంపెనీకి అమ్మితే ఇంకో హోటళ్ల ఊరు అవుతుందని ఆమెకు తెలుసు. 1995లో ఇక్కడ స్కీ చేసేవాళ్లకే అమ్మారు. వాటా ఒక్కటి 1,500 డాలర్లు, మొత్తం 1,667 వాటాలు. గుణిస్తే 25 లక్షల డాలర్లు. తక్కువ జనం, సహజమైన వాలు, అడవి ఇవన్నీ ఇలాగే నిలపాలని సంఘం తన లక్ష్యంలోనే రాసుకుంది. 2012లో ఈ స్కీ స్థలం అమెరికా జాతీయ చారిత్రక స్థలాల పట్టికలో చేరింది.

సహకార సంఘం అనగానే మనకు పాల కేంద్రం, పరపతి సంఘం, వాటి మంచీ చెడూ గుర్తొస్తాయి. ఇక్కడ చూడదగ్గది సభ్యుల చాకిరీ. మంచు లేని నెలల్లో బాటల మీద మొలిచిన పొదలు కొట్టాలి. రెండు అడుగుల పొద మిగిలితే దాన్ని కప్పడానికి రెండు అడుగుల మంచు వృథా. నున్నగా కోసిన గడ్డి మీద అరడుగు మంచు పడినా స్కీ చేయొచ్చు. కొడవలి పట్టుకున్నవాడు శీతాకాలాన్ని ఒక వారం ముందుకు తెస్తాడన్నమాట. అలాగని ఇష్టమొచ్చినట్టు నరకడానికీ లేదు. శిఖరం దగ్గరి దట్టమైన ఫర్ పొదల్లో వేసవిలో బిక్‌నెల్స్ త్రష్ అనే చిన్న గోధుమరంగు పిట్ట గూడు పెడుతుంది. ఈశాన్య అమెరికా, దాని పొరుగు కెనడా కొండల మీద తప్ప ఇంకెక్కడా పిల్లల్ని చేయదు. చలికాలం రాగానే కరీబియన్ దీవులకు ఎగిరిపోతుంది. స్కీయర్లు ఉన్నప్పుడు పిట్ట ఉండదు, పిట్ట ఉన్నప్పుడు స్కీయర్లు ఉండరు. పొద ఒక్కటే ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి. లేత మొక్కల్ని ఎవరికి తోచినట్టు వాళ్లు నరుకుతూ పోతే పిట్టకు గూడూ ఉండదు, కొన్నేళ్లకు ముసలి చెట్లు పడిపోయాక స్కీయర్‌కు నీడా ఉండదు.

చెరువుకు అన్నిటికన్నా పెద్ద గండం వాన రాకపోవడమే. 2015 డిసెంబరు వెర్మాంట్‌లో రికార్డు స్థాయిలో వెచ్చగా గడిచింది, ఆ శీతాకాలంలో కొండలు చాలాకాలం గోధుమరంగులోనే ఉండిపోయాయి. మంచు చేసే యంత్రాలున్న పెద్ద కొండలు తెల్లటి చారలు గీసుకుని నడిచాయి. ఇలాంటి ఏడాదిలో మ్యాడ్ రివర్ గ్లెన్‌కు ఓపిక పట్టడం తప్ప మార్గం లేదు. ఈ రాష్ట్రపు అతిపెద్ద కొండ మ్యాన్స్‌ఫీల్డ్ మీద 1954 నుంచి ఒక గుంజ పాతి రోజూ మంచు లోతు రాస్తున్నారు. ఏడాదికీ ఏడాదికీ పోలికే ఉండదు. కానీ శీతాకాలాలు వెచ్చబడుతున్నాయన్నది మాత్రం తేలిపోయింది. వాన, మంచు కలిసే గీత కొండ మీద కొంచెం కొంచెం పైకి జరుగుతోంది. 621 మీటర్ల కొండకు అది జరిగే చోటు ఎక్కువ లేదు. పొదుపుతో చెరువును కొన్నాళ్లు నిలపొచ్చు, వానను మాత్రం రప్పించలేం. ఒంటికుర్చీ మీద నాకు గౌరవం ఉంది, దాని భవిష్యత్తు మీద ధీమా లేదు.

బోస్టన్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి, ఈ చలికాలం పిల్లల్ని తీసుకుని అటు పోదామనుకునే తెలుగువాళ్లకు ఒక మాట. బయల్దేరే ముందు ఆ రోజు ఒంటికుర్చీ నడుస్తోందో లేదో కనుక్కోండి. మంచు చాలకపోతే ఆపేస్తారు, అప్పుడు శిఖరానికి పోవడం కుదరదు. బాటల పేర్లు చదువుకుని పోండి. శిఖరం నుంచి దిగే వాటిలో కొన్నిటికి అడవిపిల్లుల పేర్లు: క్యాటమౌంట్, లింక్స్, ప్యాంథర్. కింద ఒక పక్కన ఉన్న తేలిక వాలుకు బర్డ్‌ల్యాండ్ అని పేరు. అక్కడి బాటలు డక్, రెన్, లార్క్, రాబిన్. మొదటిసారి పోయేవాళ్లు పిట్టల వైపే మొదలుపెట్టండి.